ముందు ఎడిటింగ్ నేర్పండి, కెమెరా తర్వాత ఇవ్వండి: హైదరాబాద్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గార్లకు, కల్చరల్ కమిటీ బాధ్యతలు చూస్తున్న లెక్చరర్లకు,

నమస్కారం.

ఫెస్టు తేదీ ఖరారు కాగానే మ్యూజిక్ వీడియో తీస్తామంటూ విద్యార్థులు మీ దగ్గరికి వస్తారు. మీరు ఎంతో కొంత బడ్జెట్ ఇస్తారు. ఆ డబ్బు చాలాచోట్ల ఒకే దారిన పోతుంది. కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో ఒక రోజుకు కెమెరా, అది కుదుపుల్లేకుండా కదలడానికి వాడే గింబల్ అద్దెకు తెస్తారు. కుదిరితే డ్రోన్ కూడా. పొద్దున్నుంచి చీకటి పడేదాకా తీసి, ఫెస్టు ఇంకో మూడు రోజులుందనగా ఎడిటింగ్‌కు కూర్చుంటారు. రెండో చరణంలో పెదవులు కలవడం లేదని అప్పుడు తెలుస్తుంది. క్లాస్‌రూమ్ షాట్లన్నిటిలో నల్లటి చారలు పాకుతున్నాయని, కావలసినచోట ఒక్క క్లోజప్ కూడా లేదని కూడా అప్పుడే తెలుస్తుంది. ఏదో ఒకటి అతికించి స్క్రీన్ మీద వేస్తారు. చప్పట్లు దక్కుతాయి, పని మాత్రం చేతికి రాదు.

నగరంలో కెమెరా, ఎడిటింగ్, సౌండ్ పనుల్లో ఉన్న మేము కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మా విన్నపం ఒక్కటే: ఈ వరస తిప్పండి. ఎడిటింగ్‌తో మొదలుపెట్టి షూటింగ్‌కు రండి. ఒక పాటను తన చేత్తో కట్ చేసిన విద్యార్థికి ఏ షాట్ ఎందుకు కావాలో, ఎంతసేపు కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్ చేయనివాడికి ఎంత చెప్పినా లొకేషన్‌లో గుర్తుండదు.

దీనికి ఎనిమిది వారాలు కావాలి. మొదటి మూడు వారాలు కెమెరా ఊసే వద్దు. ఒక సీనియర్‌నో, ఆసక్తి ఉన్న లెక్చరర్‌నో ఫోన్ పట్టుకుని ఒక గంట ముందే తీసిపెట్టమనండి. ఒకరు పాట పాడుతుంటే వైడ్ (మనిషి, చుట్టూ చోటు అంతా), మిడ్ (నడుము పైకి), క్లోజ్ (ముఖం) అని మూడు సైజుల్లో పూర్తిగా తీయాలి. వాటితో పాటు చేతులు, పాదాలు, వాయిద్యం, కిటికీ, నడిచి వచ్చే మనిషి లాంటి పదో పన్నెండో చిన్న షాట్లు ఉంటే చాలు. క్లాసులో అందరికీ అదే ఫుటేజ్ ఇచ్చి, పాటలో అదే ముప్పై సెకన్ల ముక్కను విడివిడిగా కట్ చేయమనండి. తర్వాత ప్రొజెక్టర్ మీద అన్నీ వరసగా వేసి చూడండి. ఒకే సరుకు నుంచి ఇరవై రకాల పాటలు వస్తాయి. ఎవరి కట్ ఎందుకు నిలబడిందో, ఎవరిది ఎక్కడ జారిందో పిల్లలే పట్టేస్తారు. "ఇక్కడ ఆమె తల తిప్పే షాట్ ఒకటి ఉంటే బాగుండేది" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వచ్చిందంటే వాళ్లు షూటింగ్‌కు సిద్ధమవుతున్నట్టే.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టకండి. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ 4కే దాకా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, వాటర్‌మార్క్ వేయదు. అయితే దానికి కనీసం 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. కంప్యూటర్ ల్యాబుల్లో 8 జీబీ సిస్టమ్‌లే ఉంటే కేడెన్‌లైవ్, షాట్‌కట్ పెట్టుకోండి, రెండూ ఉచితమే. ఏది వాడినా ప్రాక్సీలు చేసుకోవడం మొదటి రోజే నేర్పించాలి. అసలు ఫైళ్లకు 720 సైజులో తేలికపాటి నకళ్లు చేసుకుని వాటి మీద కట్ చేసి, చివర ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అసలు ఫైళ్లకు మారడమే ప్రాక్సీ పద్ధతి. ఇది తెలియకే "మా సిస్టమ్‌లో వీడియో ఆగి ఆగి వస్తోంది, కొత్త కంప్యూటర్లు కావాలి" అన్న అర్జీలు మీ టేబుల్ మీదికి వస్తుంటాయి.

ఇక పాట. మొదట తేల్చాల్సింది పాట ఎవరిదన్నది. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే వాళ్ల కంటెంట్ ఐడీ (హక్కులున్న పాటలను గుర్తుపట్టే వ్యవస్థ) పట్టేస్తుంది, హక్కులున్న కంపెనీ వీడియోను ఆపించవచ్చు కూడా. ఇప్పుడు పిల్లలు ఎక్కువగా జానపదాల వైపు వెళుతున్నారు. మంచిదే, కానీ ఒక జాగ్రత్త ఉంది. తరతరాలుగా జనం పాడుకుంటున్న బాణీ, మాటలు ఎవరైనా పాడుకోవచ్చు. ఎవరో రికార్డు చేసిన ట్రాక్ మాత్రం వాళ్లదే. పాతదనుకున్న పాటకు రాసినవారు ఇవాళ్టికీ మన మధ్యే ఉన్న సందర్భాలు తెలంగాణలో చాలా ఉన్నాయి. కాబట్టి కాలేజీలో పాడేవాళ్ల చేత, వాయించేవాళ్ల చేతే కొత్తగా రికార్డు చేయించండి. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు ముగ్గురి సంతకాలతో ఒక కాగితం ఫైల్లో ఉంచండి. నిడివి రెండు నిమిషాలు దాటనివ్వకండి. నాలుగు నిమిషాల పాట నిలబెట్టడం అనుభవజ్ఞులకే కష్టం.

పాట లాక్ అయ్యాకే షూటింగ్ పెట్టుకోవాలి. లాక్ అంటే ఆ తర్వాత టెంపో మారదు, చరణం చిన్నది కాదు, ఇంటర్‌లూడ్‌లో బిట్ పెరగదు. గొంతుకు ఇంకాస్త రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) కావాలంటే తర్వాత వేసుకోవచ్చు, నిడివి మాత్రం కదలకూడదు. 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు (కుదించని ఆడియో) ఒకటి తయారుచేసి, పాట మొదలయ్యే ముందు మూడు బీప్‌లు పెట్టి, లొకేషన్‌లో వేసేదీ ఎడిటింగ్‌లో వాడేదీ ఆ ఒక్క ఫైలే అయ్యేలా చూడండి. ఎంపీత్రీ చేసినప్పుడు మొదట్లో చిన్న నిశ్శబ్దం చేరుతుంది. అక్కడ ఎంపీత్రీ, ఇక్కడ వేవ్ వాడితే ఒకటి రెండు ఫ్రేముల తేడాకు కారణం దొరక్క పిల్లలు రాత్రంతా కూర్చుంటారు.

లిప్ సింక్, అంటే పెదవులు పాటతో కలవడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కాలేజీ వీడియోలు ఎక్కువగా ఇక్కడే చెడుతున్నాయి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే దాదాపు 14 మీటర్లకు ఒక ఫ్రేము ఆలస్యం. కాలేజీ గ్రౌండ్‌లో స్పీకర్ ఒక మూల పెట్టి డాన్స్ చేయిస్తే, 40 మీటర్ల అవతలున్న చివరి వరస దాదాపు మూడు ఫ్రేములు వెనకబడుతుంది. పిల్లలకు ప్రాక్టీస్ చాలలేదని తిడతారు గానీ తప్పు స్పీకర్ పెట్టిన చోటుది. పాడేవాళ్ల పక్కనే, ఫ్రేములో పడకుండా పెట్టండి. రెండు బ్లూటూత్ స్పీకర్లను జత చేసి రెండు వైపులా పెట్టడం ఇంకా ప్రమాదం. రెండూ ఒకే క్షణంలో మోగుతాయన్న భరోసా లేదు. వైరుతో కలిపిన ఒక్క పెద్ద స్పీకర్ నయం.

కెమెరాలో మైకు ఆన్ చేసే ఉంచాలి. ఆ గొడవ శబ్దం ఫైనల్‌లో వాడం, కానీ అందులో పాట వినిపిస్తుంది కాబట్టి దాని సాయంతోనే క్లిప్పును అసలు పాట పక్కన పేర్చగలం. కెమెరా దూరంగా ఉండి జూమ్‌లో తీసినప్పుడు ఇక్కడా ఒక మెలిక ఉంది. మైకుకు పాట ఆలస్యంగా చేరింది కాబట్టి, శబ్దాన్ని బట్టి పేరిస్తే పెదవులు పాట కంటే ముందు కదులుతాయి. 14 మీటర్ల దూరమైతే, క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ అయిన టైమ్‌లైన్‌లో క్లిప్పును ఒక ఫ్రేము కుడికి జరపాలి.

సింక్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి తెలుగు అక్షరాలే మంచి కొలత. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ మూసుకోక తప్పదు. పల్లవిలో "అమ్మ" లాంటి మాట ఉన్నచోట ఆపి, ఫ్రేము ఫ్రేముగా జరపండి. పెదవులు పూర్తిగా మూసుకున్న ఫ్రేము దగ్గరే, శబ్దాన్ని గీతగా చూపే వేవ్‌ఫామ్‌లో మకారం ఉండాలి. అ, ఆ, ఓ లాంటి అచ్చుల దగ్గర చూస్తే మోసపోతాం, నోరు తెరిచి ఉన్నంతసేపూ అంతా కలిసినట్టే కనిపిస్తుంది. ఇలా మొదట ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట చూడాలి.

మొదట్లో కలిసి చివర్లో తప్పితే కారణం వేరే. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును స్థిరంగా ఉంచవు. వెలుగు తగ్గినా, ఫోన్ వేడెక్కినా సెకనుకు 30 అనుకున్నది 29కో 28కో జారుతుంది. రెండు నిమిషాల్లో ఆ తేడా పేరుకుంటుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్‌తో తీస్తే ఫ్రేమ్ రేటు, షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే వ్యవధి), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగుల సర్దుబాటు) అన్నీ మన చేతిలో ఉంటాయి. ఇప్పటికే తీసేసినవైతే, వీడియో ఫైళ్లను మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి, ఆ తర్వాతే టైమ్‌లైన్‌లోకి తేవాలి.

స్లో మోషన్‌లో పెదవులు కలవాలంటే పిల్లలకు తెలియని చిన్న ఉపాయం ఉంది. సెకనుకు 50 ఫ్రేములు తీస్తూ పాటను రెట్టింపు వేగంతో వేయాలి. పాడేవాళ్లు ఆ వేగంతోనే పెదవులు కదపాలి. తర్వాత క్లిప్పును 25కి తగ్గిస్తే కదలికలన్నీ నెమ్మదిగా, పెదవులు మాత్రం అసలు పాటతో సమానంగా వస్తాయి. గబగబా మాటలున్న చరణానికి ఇది పనికిరాదు, నోరు తిరగదు. సాగదీసి పాడే పల్లవికి పెట్టుకుని, ముందు రోజు ప్రాక్టీస్ చేయించండి.

నల్లటి చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి. షటర్ 1/50 లేదా 1/100 పెడితే చారలు రావు. 1/60 పెడితే వస్తాయి. ఫోన్‌లో 25 ఫ్రేములు లేకపోతే 30 పెట్టుకోండి, షటర్ మాత్రం 1/50 దగ్గరే ఉంచండి. సెకనుకు 120 ఫ్రేముల స్లో మోషన్ ఆ లైట్ల కింద కుదరదు, ఎండలోకి వెళ్లాలి. ఆడిటోరియంలో వెనక ఎల్ఈడీ వాల్ ఉంటే ఈ లెక్క కూడా చాలకపోవచ్చు. ముందు రోజే పది సెకన్లు తీసి పెద్ద స్క్రీన్ మీద చూసుకోవాలి. ఫోన్ స్క్రీన్ మీద సన్నటి చారలు కంటికి ఆనవు.

బయట ఇంకో సమస్య. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షటర్ 1/50 పెడితే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 22 దాకా మూయాలి. వెనకంతా మసకగా కావాలని ఎఫ్ 2.8కి తెరిస్తే వెలుగు ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు రెట్టింపు) ఎక్కువవుతుంది, లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే ముదురు అద్దం, ఎన్‌డీ 64 ఫిల్టర్ కావాలి. ఫోన్‌లో సాధారణంగా అపర్చర్ మూయడం కుదరదు కాబట్టి ఫోన్ షటర్‌ను 1/1000, 1/2000 లాంటి వేగాలకు తోసేస్తుంది. డాన్స్ స్టెప్పులు అదురుతూ, ముక్కలు ముక్కలుగా కనిపించేది అందుకే. ఫోన్‌కు తగిలించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి కొనండి. అద్దె డ్రోన్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఫెస్టుల కాలం జనవరి, ఫిబ్రవరి. ఆ నెలల్లో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర దాటాకే. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ముఖాల మీద పడే వెలుగు మెత్తగా ఉంటుంది. పదింటి తర్వాత కళ్ల కింద నీడలు పడతాయి. అప్పుడు బిల్డింగ్ నీడలోకి మారి, ఎదురుగా నాలుగడుగుల థర్మాకోల్ షీటు పట్టుకుంటే ముఖం తేలుతుంది. జనరల్ బజార్‌లో రెండు మూడు మీటర్ల పల్చటి తెల్ల గుడ్డ కొని, పీవీసీ పైపుల చట్రానికి బిగించి ఎండకు అడ్డం పెడితే వెలుగును మెత్తబరిచే స్కిమ్మర్ అయిపోతుంది.

సార్, మేడమ్, ఇక్కడ మీరు మాత్రమే చేయగలిగింది ఒకటుంది. రెండు ఆదివారాలు పొద్దున ఆరున్నరకు గేటు తీయించండి. వాచ్‌మన్ చేతికి మీ సంతకంతో ఒక లెటర్ ఇవ్వండి, అందులో పేర్లు, వేళలు, స్పీకర్‌కు అనుమతి రాయండి. క్లాసులయ్యాక నాలుగింటికి మొదలుపెట్టి, గేటు మూసేలోపు పూర్తి చేయమంటే వెలుగు జారిపోతుంది, అమ్మాయిలు మధ్యలో ఇళ్లకు వెళ్లిపోవాల్సి వస్తుంది. టీమ్‌లో అమ్మాయిలు నటించడానికే మిగిలి, కెమెరా, ఎడిటింగ్ అబ్బాయిల చేతుల్లోనే ఉండిపోవడానికి ఈ వేళలు పెద్ద కారణం. ఇది మాకు బాధ కలిగించే విషయం.

చార్మినార్, గోల్కొండ దగ్గర తీస్తామని అడుగుతారు. అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, షూటింగ్‌కు ముందస్తు అనుమతి తీసుకోవాలి. మెట్రో స్టేషన్లకూ అంతే. డ్రోన్ విషయంలో 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గగనతలం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా ఉంటుంది. బేగంపేట విమానాశ్రయం, హకీంపేట వైమానిక స్థావరం ఊళ్లోనే ఉన్న నగరం మనది. ఈ జోన్లను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా ఎగరేయడం అంటే పిల్లల్ని పోలీస్ స్టేషన్‌కు పంపడమే. తొలి వీడియోకు మీ క్యాంపస్ చాలు. మెట్లు, లైబ్రరీ, సైకిల్ స్టాండ్, క్యాంటీన్ వెనక గోడ చాలు.

షూటింగ్ రోజు పద్ధతి ఇలా ఉండాలి. ప్రతి లొకేషన్‌లో ముందు పాట మొత్తం వైడ్‌లో ఆపకుండా రెండు టేకులు, తర్వాత అలాగే మిడ్‌లో రెండు, క్లోజ్‌లో రెండు. రెండు నిమిషాల పాటకు ఈ ఆరు టేకులు సర్దుబాట్లతో కలిపి గంటలో అవుతాయి. బిట్లు, విచిత్రమైన యాంగిల్స్ ఆ తర్వాతే. ఈ ఆరూ చేతిలో ఉంటే ఇంకేది చెడినా పాట నిలబడుతుంది. ఒకరు షాట్ షీటు రాస్తూ ఉండాలి: ఫైలు నంబరు, సైజు, పాటలో ఎక్కడి నుంచి ఎక్కడికి, టేకు బాగుందా లేదా. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి. లేకపోతే తెల్ల చొక్కా వేసుకున్నవారు ఫ్రేములోకి రాగానే మిగతా ముఖాలన్నీ నల్లబడతాయి. వీడియో అడ్డంగానా, రీల్ కోసం నిలువుగానా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండిటికీ పనికొస్తుందని తీసినది రెండిటికీ కుదరదు.

సెకనుకు 100 మెగాబిట్లతో తీస్తే నిమిషానికి 750 మెగాబైట్లు. 128 జీబీ కార్డును రెండున్నర గంటలకు మించి నమ్మకండి. కార్డును రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, రెండు చోట్లా నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశాకే ఫార్మాట్ చేయాలి. ఒక డిస్కు కాలేజీ బీరువాలో ఉండాలి. ఫుటేజ్‌ను వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పోతుంది, పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపాలి.

కట్ చేసేటప్పుడు అన్ని టేకులనూ పాట కింద దొంతరగా పేర్చి, ముందు పాడే షాట్లతోనే పాట మొత్తం నిలబెట్టాలి. కథ బిట్లు తర్వాత దూర్చాలి. ప్రతి బీట్‌కూ కట్ వేస్తే ఇరవై సెకన్లకే విసుగొస్తుంది. నిమిషానికి 100 బీట్ల పాటలో బీట్‌కు సరిగ్గా 15 ఫ్రేములు వస్తాయి, 120 బీట్లకు పన్నెండున్నర. ఆ అర ఫ్రేము కోసం తలపట్టుకోనక్కర్లేదు. బీట్ కంటే ఒక ఫ్రేము ముందు కోస్తే కంటికి సరిగ్గా పడినట్టే ఉంటుంది, ఆలస్యమైతేనే తెలుస్తుంది.

తెలుగు టైటిల్స్ ఒక్కటి దగ్గరుండి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి "స్నేహం" కాస్తా "స్‌నేహం" అయిపోతుంది. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగుల్లో దక్షిణాసియా టెక్స్ట్ ఇంజన్ ఎంచుకుంటే సరిపోతుంది. మిగతావాటిలో, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో టైటిల్ రాసి, వెనక ఖాళీ ఉండేలా పీఎన్‌జీ బొమ్మగా తెచ్చుకోవడం మేలు. రామభద్ర, సూరన్న, మండలి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కాలేజీ పేరే తప్పుగా పడిన వీడియో ఎంత బాగున్నా ఎవరికీ చూపించుకోలేం.

ఎక్స్‌పోర్ట్ హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి)లో చేయండి, 1080 సైజుకు యూట్యూబ్ చెప్పే సెకనుకు 8 మెగాబిట్లకు రెట్టింపు ఇవ్వండి. సౌండ్ లెవెల్ మైనస్ 14 లఫ్స్ (శబ్ద తీవ్రత కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచండి, అంతకంటే గట్టిగా పెట్టినా యూట్యూబ్ తగ్గించేస్తుంది.

బహుమతులు ఇచ్చేటప్పుడు లైకులు, డ్రోన్ షాట్లు లెక్కలోకి తీసుకోకండి. వీడియోతో పాటు ప్రాజెక్ట్ ఫైలు, షాట్ షీటు, హక్కుల కాగితం కూడా ఇమ్మనండి. టైమ్‌లైన్ తెరిచి, ఈ కట్ ఇక్కడే ఎందుకని అడగండి. బయట డబ్బిచ్చి చేయించుకున్నవారు అక్కడే ఆగిపోతారు. సొంతంగా చేసినవారు, వీడియో అటూ ఇటూగా ఉన్నా, ఆపకుండా చెబుతారు. మార్కులు వాళ్లకు పడాలి.

ఈ ఏడాది ఏ కాలేజీ అయినా ఈ వరసలో చేస్తామంటే, మొదటి మూడు వారాల ఎడిటింగ్ తరగతులకు శనివారం మధ్యాహ్నాలు మేం వస్తాం, ఫీజు అక్కర్లేదు. ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు, హెడ్‌ఫోన్లు, ఇద్దరికొకటి చొప్పున పనిచేసే కంప్యూటర్లు ఉండాలి. బ్యాచ్‌లో ఇరవై మందికి మించకూడదు, అందులో సగం మంది అమ్మాయిలు ఉండాలి. మేం వచ్చే ముందు రోజే ల్యాబ్ సిస్టమ్‌లలో సాఫ్ట్‌వేర్ వేయించి, ఒక చిన్న వీడియో ఎక్స్‌పోర్ట్ చేసి చూడమని మీ ల్యాబ్ అసిస్టెంట్ గారికి చెప్పండి.

గౌరవంతో,
హైదరాబాద్‌లో కెమెరా, ఎడిటింగ్, సౌండ్ విభాగాల్లో పనిచేస్తున్న కొందరం